ఫతే మైదాన్ ఉస్తాద్ రహీమ్ సాబ్

ఎల్బీ స్టేడియం అంటే ఇప్పటి పిల్లలకు గుర్తొచ్చేది ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారం, రంజాన్ నెలలో సర్కారు ఇచ్చే ఇఫ్తార్ దావత్, ఆ రోజు బషీర్‌బాగ్ చుట్టూ ఆగిపోయే ట్రాఫిక్. క్రికెట్ కూడా ఉప్పల్‌కి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. కానీ పాతబస్తీలో పెద్దవాళ్ల నోట ఆ చోటు పేరు ఇప్పటికీ ఫతే మైదానే. 1687లో ఔరంగజేబు ఫౌజు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు ఇక్కడే గుడారాలు వేసుకుందని, గెలిచాక ఇక్కడే జష్న్ చేసుకుందని, అందుకే విజయ మైదానం అనే అర్థంలో ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజాం జమానాలో అక్కడ గుర్రాల మీద పోలో ఆడేవారు. 1955 నవంబర్‌లో న్యూజిలాండ్ జట్టు ఇండియాతో టెస్ట్ మ్యాచ్ ఆడింది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు.

వీటి మధ్యలో ఇంకో చరిత్ర ఉంది. దాని గుర్తు ఇప్పుడు ఆ గోడల మీద వెతికినా సరిగా కనబడదు. అది ఫుట్‌బాల్ చరిత్ర. ఈ దేశానికి రెండు ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిన, ఒలింపిక్స్‌లో సెమీ ఫైనల్ దాకా జట్టును నడిపించిన ఒక బడి పంతులు ఈ మైదానం చుట్టూనే తిరిగాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లందరికీ రహీమ్ సాబ్.

రహీమ్ సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ముందు ఏడాదే మూసీ పొంగి ఊరు సగం కొట్టుకుపోయింది. ఆ దెబ్బ నుంచి లేచి, కొత్త చెరువులు, కొత్త రోడ్లు, కొత్త బిల్డింగులు కట్టుకుంటున్న హైదరాబాద్‌లో ఆయన పెరిగారు. ఉర్దూలో డిగ్రీ చదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది ఆ కాలంలోనే. రహీమ్ అక్కడే బీఏ చేశారు. అక్కడే బంతిని పట్టుకున్నారు. యూనివర్సిటీ టీమ్‌లో ఆడారు. తర్వాత కాలేజీలో చదువుతున్నవాళ్లు, చదివి బయటికొచ్చినవాళ్లు కలిసి పెట్టుకున్న ఎలెవన్ హంటర్స్ అనే టీమ్‌లో ఆడారు. ఆ తర్వాత కమర్ క్లబ్. లోకల్ లీగ్‌లో ఆ రోజుల్లో కమర్ క్లబ్‌కు గట్టి పేరే ఉండేది.

ఆటగాడిగా ఆయన మరీ గొప్పవాడని ఎవరూ అనలేదు. పని మాత్రం ఉపాధ్యాయుడిది. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్. ఈ నాలుగు బడుల్లో పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆయన తర్వాత చేసిన ప్రతి పనిలో ఈ పంతులుతనం కనిపిస్తుంది. దేశం టీమ్‌కు కోచ్ అయ్యాక కూడా ఆయన పిల్లలకు ఎక్కాలు నేర్పే పద్ధతిలోనే ఆట నేర్పారు. ఒక్కో మెట్టు. తప్పు చేసిన చోట మళ్లీ మొదటి నుంచి.

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. కార్యదర్శి అంటే కుర్చీ, టీ, సంతకాలు అనుకునేవారికి రహీమ్ సాబ్ పద్ధతి వింతగా ఉండి ఉంటుంది. ఆయన పోటీలు పెట్టడం మొదలుపెట్టారు. మామూలు పోటీలు కాదు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. అంటే బంతి కాలి దగ్గరికొస్తే అటూ ఇటూ తిప్పి నలుగురిని దాటించి మొహల్లా వాళ్లతో వాహ్‌వా అనిపించుకోవడం నిషేధం. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చెయ్యాలి. మన గల్లీ ఆటగాళ్ల ప్రాణమంతా డ్రిబ్లింగ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇది వాళ్ల చేతులు కట్టేసినట్టే. కానీ అలా కట్టేస్తేనే కళ్లు తెరుచుకుంటాయి. బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకోకపోతే ఇవ్వడం కుదరదు కదా.

ఇంకో టోర్నమెంట్‌లో చేతగాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమ కాలివాడు కుడికాలితో. మొదట్లో చూసేవాళ్లకు అది నవ్వులాటే. కొన్నాళ్లకు హైదరాబాద్ కుర్రాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయ్యాయి. తర్వాత కలకత్తా, బొంబాయి క్లబ్బులు హైదరాబాద్ ఆటగాళ్ల కోసం ఎగబడటానికి ఇది పెద్ద కారణం. ఎత్తు తక్కువున్న పిల్లలకు, చిన్న వయసు పిల్లలకు వేరుగా పోటీలు పెట్టారు. పెద్దవాళ్ల మధ్య నలిగిపోయి ఆట వదిలేసే కుర్రాళ్లను అలా కాపాడుకున్నారు. ఇవన్నీ డబ్బుతో అయ్యే పనులు కావు. బుద్ధి పెట్టి, ఎండలో నిలబడి, రోజూ చూసుకుంటే అయ్యేవి.

ఇక సిటీ పోలీస్ టీమ్ సంగతి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీమ్ సాబ్ కట్టింది కాదు, అంతకు ముందే ఉంది. నార్బర్ట్ ఫ్రూవాల్ లాంటి కోచ్ దానికి పునాది వేశారు. రహీమ్ సాబ్ 1950లో ఆ టీమ్ బాధ్యత తీసుకుని చివరిదాకా వదల్లేదు.

ఆ 1950 ఎలాంటి ఏడాదో గుర్తు చేసుకోవాలి. పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లే. నిజాం రాజ్యం పోయింది. జాగీర్లు రద్దయ్యాయి. ఆ జాగీర్ల మీద, దేవ్‌డీల మీద, పాత ఫౌజు మీద బతికిన వేల కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. కొందరు కరాచీకి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు రేపు ఏమవుతుందో తెలియక గుండె చేతిలో పెట్టుకుని ఉన్నారు. ఆఫీసుల్లో ఉర్దూ పోయి ఇంగ్లిష్ వస్తోంది. చదువుకున్నవాడికి కూడా ఉద్యోగం దొరకని రోజులు. హైదరాబాద్ అనే మాటను బయటి పత్రికలు ఏ అర్థంలో వాడేవో వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ సమయంలో బొంబాయి కూపరేజ్ మైదానంలో సిటీ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. అదే సీజన్‌లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను రెండోసారి ఆడించిన మ్యాచ్‌లో ఓడించింది. రోవర్స్ కప్ మరుసటి ఏడాది కూడా మనదే. ఆ మరుసటి ఏడాది కూడా. 1950, 1951, 1952, 1953, 1954. వరసగా ఐదుసార్లు. కప్పు తీసుకుని రైల్లో వచ్చే కుర్రాళ్లలో ముస్లింలు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు, హిందువులు ఉన్నారు. లష్కర్ వైపు తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉన్నారు. టీమ్‌లో మాట మాత్రం ఉర్దూ, అదీ హైదరాబాదీ ఉర్దూ. ఆ ఐదేళ్లూ హైదరాబాద్ పేరు పేపర్లో తల ఎత్తుకునేలా కనిపించిన చోటు ఏదైనా ఉందంటే అది ఆటల పేజీయే.

టీమ్ పోలీసులది కావడం వల్ల ఇంకో మేలు జరిగింది. బంతి ఆడితే ఏమొస్తుందని అడిగే తండ్రికి జవాబు దొరికింది. కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుంది, నెల జీతం వస్తుంది. బీద ఇంటి పిల్లాడు ఆటలో ఉండిపోవడానికి ఆ జీతమే ఆధారం.

నూర్ మహమ్మద్, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, మొయినుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్... రహీమ్ సాబ్ చేతిలో తయారైనవారి పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. వీళ్లలో మొయినుద్దీన్ ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. అప్పటి పద్ధతి ప్రకారం సెంటర్ ఫార్వర్డ్ అంటే ముందుకెళ్లి గోల్ దగ్గర కాపు కాయాలి. అతన్ని కనిపెట్టి ఉండే అవతలి డిఫెండర్ కూడా అక్కడే ఉంటాడు. రహీమ్ సాబ్ మొయినుద్దీన్‌ను వెనక్కి రమ్మన్నారు. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కొస్తే డిఫెండర్‌కి చిక్కొచ్చి పడుతుంది. వెంట వెళితే గోల్ ముందు దారి ఖాళీ. వెళ్లకపోతే మొయినుద్దీన్ తీరిగ్గా బంతి పంచుతాడు. 1953 నవంబర్‌లో హంగరీ వాళ్లు లండన్ వెంబ్లీలో ఇంగ్లాండ్‌ను 6-3తో చిత్తు చేసినప్పుడు హిదెకుటి అనే ఆటగాడు చేసింది ఇదే. ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. మన దగ్గర మొయినుద్దీన్‌ను ఇండియా హిదెకుటి అని పిలవడం మొదలుపెట్టారు. అలాగే ముందు నలుగురు, మధ్యలో ఇద్దరు, వెనక నలుగురు ఆడే పద్ధతి. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ దాంతో గెలిచాక అందరికీ తెలిసింది. రహీమ్ సాబ్ ఆ పద్ధతిని అంతకు ముందే తన జట్లతో ఆడించారు.

టీవీ లేదు. వీడియో లేదు. విదేశీ మ్యాచ్ చూడాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. అలాంటి రోజుల్లో ఒక స్కూల్ మాస్టర్ ఇంత దూరం ఎలా ఆలోచించాడన్నది ఇప్పటికీ ఆటను ఎరిగినవాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి.

దేశం టీమ్ కూడా 1950లోనే ఆయన చేతికొచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. కెప్టెన్ శైలేన్ మన్నా. ఫైనల్‌లో ఇరాన్ మీద 1-0. మేవాలాల్ గోల్ కొట్టారు. మొదటి బంగారం.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం ఘోరం జరిగింది. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇక్కడి వేడి నేల మీద, కలకత్తా వాన బురదలో ఒట్టి కాళ్లు పనికొస్తాయేమో కానీ ఆ చలిదేశంలో పనికిరాలేదు. పైగా మన పోటీల్లో మ్యాచ్ 90 నిమిషాలు ఆడే అలవాటే లేదు, అంతకంటే తక్కువే. చివరికొచ్చేసరికి ఊపిరి ఆడలేదు. ఈ ఓటమికి కోచ్‌ను తిట్టినవాళ్లు ఉన్నారు. తిట్టడం న్యాయమా కాదా అన్నది పక్కన పెడితే, ఆ ఓటమి నుంచి పాఠం నేర్చుకున్నవారిలో మొదటివారు రహీమ్ సాబే. ఆ తర్వాత మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. ఆయన డిఫెన్స్‌లో ఇద్దరికి బదులు ముగ్గురిని నిలబెట్టే పద్ధతి పట్టుకొచ్చారు. పరిగెత్తించడం పెంచారు. 1954 మనీలా ఏషియాడ్‌లో మళ్లీ దెబ్బే తగిలింది, తొలి దశలోనే ఇంటికి. కొత్త పద్ధతి ఒక్క రోజులో ఒంటబట్టదు.

ఇక్కడ బలరామ్ సంగతి రావాలి. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన పేద కుర్రాడు. తమిళం మాట్లాడే ఇల్లు. ఆటలో దమ్ముంది, కానీ ప్రాక్టీస్‌కి అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ దాకా రావాలి. చేతిలో పైసా లేదు. రాలేనని చెప్పాడు. రహీమ్ సాబ్ సైకిల్ కిరాయికి డబ్బులిచ్చి రమ్మన్నారు. ఆ కిరాయి సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడే కొన్నాళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని పేరు తెచ్చుకున్నాడు. పెద్దాయన అయ్యాక కూడా బలరామ్ ఆ సైకిల్ సంగతి మరిచిపోలేదు. మన దగ్గర ఎంతమంది పిల్లలు అలాంటి సైకిల్ కిరాయి దొరక్క ఆగిపోయారో లెక్క కట్టేవారు లేరు.

1956 మెల్‌బోర్న్. మొదటి రౌండ్‌లో హంగరీ తప్పుకోవడంతో ఇండియా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. అక్కడ ఎదురుగా ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదటిసారి. 4-2తో గెలిచి సెమీ ఫైనల్‌కి వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే, అది కూడా నెవిల్ కొట్టిందే. హెల్సింకీలో పది గోల్స్ వేసినవాళ్లు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. ఆ కొన్ని నిమిషాలు రహీమ్ సాబ్ బెంచి మీద కూర్చుని ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. తర్వాత వాళ్లు నాలుగు వేశారు. కంచు కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. ఇండియా నాలుగో స్థానం. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో ఆ దరిదాపుల్లోకి కూడా మనం వెళ్లలేదు.

ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు ఎంతమందో చూస్తే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, సలామ్, బలరామ్, గోల్‌లో నిలబడే పొడుగాటి పీటర్ తంగరాజ్. ఒక్క ఊరు నుంచి. మన ఊరు నుంచి. ఆ రోజుల్లోనే హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ కూడా వరసగా రెండుసార్లు గెలిచింది.

1960 రోమ్‌లో పతకం రాలేదు. డ్రా మాత్రం గట్టిది పడింది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 2-1 తేడాతో ఓడారు. ఫ్రాన్స్‌తో 1-1. గెలవాల్సిన మ్యాచే కానీ చివర్లో జారిపోయింది. పెరూతో 3-1 ఓటమి. ఆ జట్టులో రహీమ్ సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఉన్నారు. తండ్రి కోచ్, కొడుకు జట్టులో సభ్యుడు. అయినా రోమ్‌లో హకీమ్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. ఈ ఒక్క విషయం చాలు, ఆ మనిషి ఎలాంటివాడో తెలియడానికి.

ఇక జకార్తా, 1962. రహీమ్ సాబ్ పేరు చెప్పగానే అందరూ చెప్పుకునే కథ ఇదే. సినిమా కూడా దీని మీదే నడిచింది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1 గెలుపు, కానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాం. తలకు కుట్లున్న డిఫెండర్‌ను ఇంకో కోచ్ అయితే బెంచి మీద కూర్చోబెట్టేవాడు. రహీమ్ సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడే, గుండె ధైర్యం గలవాడు. అతన్ని చూసి అవతలి డిఫెండర్లు జంకుతారని లెక్క. ఆ లెక్క తప్పలేదు. జర్నైల్ గోల్ కొట్టాడు, చునీ గోస్వామి రెండు కొట్టారు, 3-2తో ఫైనల్‌కి చేరారు.

మైదానం బయట మాత్రం వేరే మంట లేచింది. ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని ఆసియా క్రీడల సంఘంలో ఉన్న మన గురుదత్ సోంధీ అభ్యంతరం లేపారు. జకార్తా జనం భగ్గుమన్నారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. భారత ఆటగాళ్లు బయటికి రావాలంటే భయం. ఆటగాళ్లు ఎక్కే బస్సు మీద మన జెండా తీసేశారు. పగిడీతో గుర్తుపడతారని జర్నైల్ బస్సులో కింద కూర్చుని వెళ్లేవాడని తర్వాత ఆ జట్టు వాళ్లు చెప్పారు. సోంధీ అన్న మాటకు, బంతి ఆడే ఈ కుర్రాళ్లకు సంబంధమేమిటి? ఏమీ లేదు. కానీ గుంపుకు అవేవీ పట్టవు.

ఫైనల్ ముందు రాత్రి రహీమ్ సాబ్ కుర్రాళ్లను దగ్గరికి పిలిచారు. ఆయన మాట్లాడితే ఆటగాళ్లకు ఒళ్లు పులకరించేదని అందరూ అంటారు. ఆ రాత్రి పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. రేపు తనకో తోహ్ఫా కావాలన్నారు. బంగారు పతకం. అంతే. అప్పటికే ఆయన ఒంట్లో బాగోలేదు.

1962 సెప్టెంబర్ 4. సెనాయన్ స్టేడియం నిండిపోయింది. సుమారు లక్ష మంది. భారత జాతీయ గీతం వినిపిస్తుంటే అరుపులు, కేకలు. గోల్‌లో, జ్వరం నుంచి అప్పుడే లేచిన తంగరాజ్. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోల్. ఇరవయ్యో నిమిషంలో కుట్ల తలతో జర్నైల్ గోల్. ఆ లక్ష మందిలో భారత్‌కు జై కొట్టిన ఒక చిన్న గుంపు ఉంది. పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్లు. రాజకీయం ఏం చెప్పినా సరే, అలాంటి చోట మన భాష మాట్లాడేవాడు మనవాడే. కొరియా చివర్లో ఒక గోల్ దించింది. చాలలేదు. 2-1. మొదటి మ్యాచ్‌లో ఏ కొరియా చేతిలో ఓడారో ఆ కొరియా మీదే.

ఆ తర్వాత ఇండియా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం గెలవలేదు. 1970 బ్యాంకాక్‌లో ఒక కంచు వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. అందులో ఆడిన మహమ్మద్ హబీబ్ కూడా. కలకత్తాలో హబీబ్‌ను బడే మియా అని పిలుచుకునేవారు. అంటే రహీమ్ సాబ్ పోయిన ఏడేళ్లకు కూడా ఆయన వేసిన చెట్టు ఇంకా కాస్తూనే ఉంది.

రహీమ్ సాబ్‌ది క్యాన్సర్. సిగరెట్ అలవాటు బాగా ఉండేది. జకార్తా నుంచి వచ్చాక మంచం పట్టారు. 1963 జూన్ 11న హైదరాబాద్‌లోనే కన్ను మూశారు. అప్పటికి ఆయన వయసు 53. ఇప్పుడు ఆ వయసులో కోచ్‌లు తమ మొదటి పెద్ద ఉద్యోగం వెతుక్కుంటారు.

ఆయన పోయాక ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ ఒకేసారి ఆగిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. సిటీ పోలీస్ అప్పటికే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, ఆ పేరుతో 1961లో డ్యూరాండ్ కూడా కొట్టింది. కానీ మెల్లగా నీళ్లు ఇంకిపోయాయి. మంచి ఆటగాడు తయారవడం ఆలస్యం, కలకత్తా క్లబ్బులు డబ్బు చూపించి తీసుకెళ్లిపోయేవి. వెళ్లినవాడిని తప్పు పట్టలేం, ఇంట్లో ఆకలి ఉంది. వెళ్లినవాడి చోటు నింపడానికి ముందు రహీమ్ సాబ్ ఉండేవారు. డ్రిబ్లింగ్ లేని పోటీ, చేతగాని కాలి పోటీ, పొట్టి పిల్లల పోటీ పెట్టి మళ్లీ పది మందిని తెచ్చేవారు. ఆయన తర్వాత ఆ పోటీలు ఆగాయి. తెచ్చేవారు లేరు. శాస్త్రి స్టేడియంలో జనాన్ని క్రికెట్ లాక్కుంది, అసోసియేషన్‌లో పంచాయితీలు మిగిలాయి. టీమ్ చెదిరిందని చాలామంది బాధపడతారు కానీ అసలు చెదిరింది ఆ పోటీల వరస. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కొడుకు హకీమ్ తండ్రి దారినే పోయారు. ఎయిర్ ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, ఫిఫా రిఫరీ అయ్యారు, 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. కొడుక్కి వచ్చింది సరే. తండ్రికి బతికుండగా పద్మ పురస్కారం ఏదీ రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు. హకీమ్ 2021 ఆగస్టులో చనిపోయారు. తండ్రి మీద తీసిన సినిమా థియేటర్లోకి వచ్చేసరికి ఆయన లేరు. అజయ్ దేవగన్ రహీమ్ సాబ్‌గా నటించిన మైదాన్ విడుదలైంది 2024లో, సరిగ్గా ఈద్ సమయానికి. సినిమా అన్నాక కొంత కల్పన ఉంటుంది. అయినా ఆ రోజుల్లో చాలా ఇళ్లలో పిల్లలు ఈయన నిజంగా మన హైదరాబాద్ వాడేనా అని పెద్దల్ని అడిగారంటే ఆ సినిమా కొంత పని చేసినట్టే.

అంతకు రెండేళ్ల ముందు, 2022 మార్చిలో, హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో విజయం. హైదరాబాద్ పేరుతో దేశంలో పెద్ద ఫుట్‌బాల్ కప్పు వచ్చి ఎంతో కాలమైంది కాబట్టి సంబరం బాగానే జరిగింది. అప్పుడు ఆ క్లబ్ సొంత మైదానం గచ్చిబౌలిలో ఉండేది. పాతబస్తీ పిల్లాడు అక్కడికి వెళ్లి మ్యాచ్ చూడాలంటే రెండు బస్సులు మారాల్సి వచ్చేది. ఆడాలంటే ఆ దూరం ఇంకా ఎక్కువగా ఉండేది.

ఫతే మైదాన్ మాత్రం ఉన్నచోటే ఉంది. వచ్చే రంజాన్‌లో దావత్‌కు వెళ్లినవాళ్లు మగ్రిబ్ అజాన్ కోసం ఎదురుచూస్తూ, ఖర్జూరం చేతిలో పట్టుకుని, ఆ గడ్డి వైపు ఒకసారి చూడొచ్చు. అమ్ముగూడ నుంచి కిరాయి సైకిల్ మీద వచ్చిన బలరామ్ దిగింది ఆ గడ్డి మీదే.